చూపు కోల్పోయిన కార్యవర్గం

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే దానికొక కార్యవర్గం అవసరమయ్యేంత పెద్దదని పాఠకులు గ్రహించవలెను, పైడమ్మ అనే ముసలి దుప్పి ఉండేది. వయసు మీద పడి ఆమెకు రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి.

చూపు పోయినందుకు ఆమె పెద్దగా విచారించలేదు. విచారమంతా నీళ్ళ గురించే. ఎండలు ముదిరి దగ్గరి వాగు ఎండిపోతే ఇక నీరుండేది కొండమడుగులోనే. ఆ దారి లోయ అంచు వెంబడి పోతుంది. ఏటా చెల్లెలి తోకను ముక్కుతో తాకుతూ పైడమ్మ అక్కడికి చేరేది. ఒక వేసవి చివర చెల్లెలు కాలం చేసింది. వచ్చే ఎండల నాటికి దారి చూపేవారు దొరకకపోతే తనకు గొంతు తడిసే మార్గం లేదని పైడమ్మకు తెలుసు. అందుచేత అటవీ సంక్షేమ కార్యవర్గానికి ఒక అర్జీ పెట్టుకుంది.

కార్యవర్గంలో నలుగురు సభ్యులు. అధ్యక్షులు ఏనుగు ఐరావతం గారు. ఏ పని కదలాలన్నా ముందు ఆయన కదలాలి. కార్యదర్శి నక్క జంబులింగం. నియమావళి మొత్తం ఆయనకు కంఠస్థం, విశేషించి అందులోని సందులు. సాంస్కృతిక సభ్యులు నెమలి నీలకంఠం గారు. ఎదురుగా ఇద్దరు కూర్చుంటే చాలు, దానిని సభగా భావించి పురి విప్పేవారు. నాలుగో సభ్యుడు ఎలుగుబంటి రోమేశం. ఆయన ఎవరితోనూ మాట్లాడడు. కోరానికి ఒకరు తక్కువైతే, అభ్యంతరం చెప్పని సభ్యుడుగా ఆయనను చేర్చుకున్నారు.

అర్జీ చర్చకు వచ్చిన రోజున బైరమ్మ అనే ముసలి రేచుకుక్కను సలహా కోసం పిలిపించారు. బైరమ్మ పడుచుతనంలో దారి తప్పి పట్నం చేరి, కుక్కలకు శిక్షణ ఇచ్చే ఒక ఆవరణ గోడ పక్కన రెండేళ్ళు గడిపింది. గోడలో ఒక కన్నం ఉండేది. ఆమె విద్యాభ్యాసం ఆ కన్నం గుండా జరిగింది.

"చూపు లేనివాళ్ళకి కుక్క ముందు నడిచి దారి చూపిస్తుంది బాబూ" అన్నది బైరమ్మ. "మా అమ్మాయికి నాలుగు పిల్లలు పుట్టాయి. తొలకరి నుంచి చలి వెళ్ళేదాకా మీ ఇళ్ళల్లో ఉంచుకుని పెంచండి. నలుగురిలో తిప్పండి. కుందేలు అడ్డొచ్చినా వెంటపడకూడదు, ఉరిమినా బెదరకూడదు. ఆ తరవాత నాకిచ్చేస్తే రెండు నెలలు నేర్పి, నాలుగింటిలోకీ నిలకడైనదాన్ని పైడమ్మకిస్తా."

"పెంచి, తిరిగి ఇవ్వాలా?" అని అడిగారు ఐరావతం గారు.

"పెంచేదే ఇచ్చెయ్యడానికి అయ్యగారూ."

"ఎంత ఉదాత్తమైన భావన!" అన్నారు నీలకంఠం గారు. "ఇచ్చేటప్పుడు సభ ఉంటుందా?"

"పెడదాం" అన్నాడు జంబులింగం.

"తీసుకునేటప్పుడు?"

"అప్పుడూ పెడదాం."

"అయితే నా సేవలు సంఘానికి అంకితం."

వెనుక వరుసలో ఉన్న కుందేలు ఒకటి లేచి, రేచుకుక్కలను చూస్తే దుప్పులకు భయం కదా అని సందేహం వెలిబుచ్చింది. అందరూ పైడమ్మ వైపు తిరిగారు.

"భయమెందుకు నాయనా? ఇన్నేళ్ళూ అవి నా వెనకాల పరిగెత్తేవి. ముందు నడుస్తామంటే అంతకన్నా ఏం కావాలి?" అన్నది పైడమ్మ.

నాలుగు పిల్లలకు ముగ్గురు సేవకులు తేలారు. జంబులింగం రిజిస్టరు మీద నుంచి తల ఎత్తాడు. "రోమేశం గారూ, నాలుగో పిల్లను పెంచడానికి మిమ్మల్ని స్వచ్ఛంద సేవకులుగా నియమించడమైనది."

"నాకొద్దు. నా గుహలో నేనొక్కణ్ణే పడతాను" అన్నాడు రోమేశం. కార్యవర్గంలో ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"స్వచ్ఛంద సేవను నిరాకరించే వెసులుబాటు నియమావళిలో లేదండీ."

ఆ విధంగా తొలకరి రోజున నాలుగు కుక్కపిల్లలు నాలుగు ఇళ్ళకు చేరాయి. సభ దిగ్విజయంగా జరిగింది. నీలకంఠం గారు రెండుసార్లు పురి విప్పారు.

మొదటి నెల సేవకులందరూ పిల్లలను గురించి ఫిర్యాదు చేశారు. రెండో నెల నుంచి పిల్లలను గురించి తప్ప మరి దేనిని గురించీ మాట్లాడలేదు.

ఐరావతం గారు నిద్రలో పిల్లను తొక్కుతానేమోనన్న భయంతో పక్క మీద ఒరగడమే మానుకున్నారు. దానికి ఉక్కగా ఉంటుందని చెవులతో విసురుతూ ఉండేవారు. నీలకంఠం గారి ఈకల మీద ఆయన పిల్ల రోజూ పడుకునేది. మూడు ఈకలు నమిలేసింది కూడాను. ఆయన ఆ మూడింటినీ బంధువులకు గర్వంగా చూపించేవారు. జంబులింగం తన పిల్లకు పొద్దుపోక నియమావళి చదివి వినిపించేవాడు. అది శ్రద్ధగా వినేది. ఆయన జీవితంలో అటువంటి శ్రోత దొరకలేదు.

రోమేశం తన పిల్లకు జున్ను అని పేరు పెట్టుకున్నాడు. నలుగురిలో తిప్పాలని బైరమ్మ చెప్పింది గనుక, నలుగురంటే గిట్టని ఆ ఎలుగుబంటి, అడవి అంతా చేరే వారపు సంతకు జున్నును వెంటబెట్టుకుని పోయేవాడు. కోతులు మీద నుంచి దూకినా, పందులు గుంపుగా తోసుకుపోయినా బెదరకుండా ఉండటం జున్ను అక్కడే నేర్చుకుంది. రోమేశం కూడా అక్కడే నేర్చుకున్నాడు. సంక్రాంతి మంచు కరిగేనాటికి ఆయన పదిమందిని పేరు పెట్టి పలకరించగలిగాడు.

చలి వెళ్ళింది. పిల్లలను తిరిగి అప్పగించే సభ ఏర్పాటయింది. సభకు అందరూ వచ్చారు, పిల్లలు తప్ప.

"మావాడికి కొంచెం జలుబు చేసింది" అన్నారు ఐరావతం గారు.

"మా పిల్లకు నేడు ప్రయాణానికి మంచిరోజు కాదట" అన్నారు నీలకంఠం గారు.

"నా పిల్ల నియమావళిలో ఏడో అధ్యాయం దాకానే వచ్చింది. మధ్యలో ఆపితే చదువు చెడుతుంది" అన్నాడు జంబులింగం.

రోమేశం నేల చూపులు చూశాడు. "దానికి తేనె అలవాటైంది" అన్నాడు చివరికి.

బైరమ్మ నలుగురినీ పరికించి చూసింది. "పైడమ్మకు కావలసింది ఒక్కటే కదయ్యా? ఎవరో ఒకరు ఇయ్యండి."

"అదే మేమూ అనుకుంటున్నాం. ఒక్కటే కదా కావలసింది! మిగతా మూడూ ఉన్నాయి కదా!" అన్నారు నలుగురూ ఒకరి తరవాత ఒకరు.

ఆ తరవాత వారం కార్యవర్గం ఏకాంతంగా సమావేశమైంది. వాతావరణం బరువుగా ఉంది. ఐరావతం గారి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"జంబులింగం, నేను దానిని ఇవ్వలేను. కానీ అధ్యక్షుడిగా నియమం తప్పలేను. ఏదైనా దారి చూడు."

"నియమం ఏమంటోంది అధ్యక్షా? పిల్లలను చూపు లేనివారికి ఇవ్వాలంటోంది."

"అవును."

"మనకు చూపు ఉందని నియమంలో ఎక్కడైనా ఉందా?"

నలుగురూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. తరవాత నీలకంఠం గారు మెల్లగా అన్నారు: "నిజం చెప్పవద్దూ, నా పురిని నేను వెనుక నుంచి ఇంతవరకూ చూడలేదు."

అడవిలో చూపును పరీక్షించే అధికారం డాక్టరు గుడ్లగూబ గారిది. ఆయన కార్యాలయం కొండరాతి మీద, పనివేళలు మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు ఆయనకే ఎవరూ కనబడరు. నలుగురూ వరుసగా వెళ్ళారు.

"ఎదురుగా ఉన్న చెట్టు కనబడుతున్నదా?" అని అడిగారు డాక్టరు గారు కళ్ళు చికిలిస్తూ.

"లేదండీ."

"నాకూ అంతే. చాలా తీవ్రమైన పరిస్థితి" అని ఆయన ధ్రువపత్రం మీద గోరు గుర్తు వేశారు.

రోమేశం వంతు వచ్చినప్పుడు ఆయన కాళ్ళు తడబడ్డాయి. అబద్ధం ఆడి ఎరగని ప్రాణి. వెనక్కి తిరిగాడు. గుమ్మంలో జున్ను కూర్చుని తోక ఊపుతోంది. మళ్ళీ ముందుకు తిరిగాడు. డాక్టరు గారు ఆ తడబాటును కూడా చూపు లేమి కిందనే నమోదు చేశారు.

ఈ వార్త విని పైడమ్మ కార్యాలయానికి వచ్చింది. బైరమ్మ గొంతు వెంట నడుస్తూ వచ్చింది.

"నా అర్జీ ఏమైంది నాయనా?" అని అడిగింది.

జంబులింగం గొంతు సవరించుకున్నాడు. "నాలుగు పిల్లలనూ అర్హులకు ఇవ్వడం జరిగింది పైడమ్మ గారూ. తమరికీ ఇచ్చేవారమే. అయితే తమరు డాక్టరు గారి పత్రం జతపరచలేదు."

"ఆ కొండరాయి నేను ఎక్కలేను బాబూ. ఎక్కించేవాళ్ళు కావాలనే కదా అర్జీ పెట్టింది?"

"అది సమంజసమే. అయినా పత్రం లేదు గనుక, రికార్డు ప్రకారం తమరికి చూపు బాగానే ఉంది."

"ఎంత చల్లని రికార్డు నాయనా!" అన్నది పైడమ్మ. "దాన్ని ఓసారి నా కళ్ళకు చదివి వినిపించు. అవి వినిపించుకుంటాయేమో చూద్దాం."

బైరమ్మ పళ్ళు కొరికింది. రోమేశం ఆ సమయంలో గుమ్మం పక్కనే ఉన్నాడు. ఉన్నానని చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. వాగు ముందు పాయలైంది, తరవాత మడుగులైంది, ఆఖరికి తడి ఇసుకైంది. పైడమ్మ ఆ ఇసుకను గిట్టతో తవ్వి రెండు రోజులు గడిపింది. మూడో రోజున ఇసుకలో తడి కూడా లేదు. ఆనాడే అడవి అంతా కొండమడుగుకు తరలిపోవలసిన రోజు.

తరలిపోయేటప్పుడు అందరికంటే ముందు నడవటం ఆ అడవిలో అన్నిటికంటే పెద్ద గౌరవం. ఏటా ఐరావతం గారే నడిచేవారు. ఈ ఏడూ తొండం ఎత్తి ముందుకు వచ్చారు. మెడకు కట్టిన తీగతో ఆయన పిల్ల పక్కన ఉంది. అప్పుడు చెట్టు మీద నుంచి కాకి అరిచింది. కాకికి ఏ పదవీ లేదు. అందుచేత నియమాలన్నీ జ్ఞాపకం ఉండేవి.

"అధ్యక్షా! చూపు లేనివారు ముందు నడవరాదని తమరే పెట్టిన నియమం. తమరికి చూపు లేదని సర్టిఫికెట్ ఉన్నదే!"

ఐరావతం గారి తొండం దిగిపోయింది. ఆయన డాక్టరు గుడ్లగూబను పిలిచి చెవిలో ఏదో అడిగారు.

"చూపు పోయిందని ఇవ్వడానికే నా వద్ద పత్రాలున్నాయి. తిరిగి వచ్చిందని ఇవ్వడానికి లేవు" అన్నారు డాక్టరు గారు. "పైగా చూపు వస్తే కుక్కపిల్లను తిరిగి ఇవ్వవలసి ఉంటుంది కదండీ?"

అధ్యక్షులు పిల్లను చూశారు. పిల్ల అధ్యక్షులను చూసింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"కార్యవర్గంలో ఎవరికీ చూపు లేనట్లయితే, చూపున్నవారందరిలోనూ వయసులో పెద్దవారు నడవాలి" అని కాకి అందించింది.

జంబులింగం రిజిస్టరు తిరగేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు తిరగేశాడు. తరవాత చాలా చిన్న గొంతుతో చదివాడు: "పైడమ్మ."

"ఆమెకు కనబడదని అందరికీ తెలుసు కదండీ?" అన్నది కుందేలు.

"తెలియడం వేరమ్మా, నమోదు కావడం వేరు" అన్నాడు జంబులింగం. ఆయన ముఖంలో రంగు లేదు.

పైడమ్మ పొడిబారిన పెదవులను నాకుకుంది. "ముందైనా సరే, వెనకైనా సరే, ఈ రోజు నేను నీళ్ళ దగ్గరికి పోవాలి. సగం దారి నా గిట్టలకు తెలుసు. మిగతా సగం చూసుకుందాం. ఒక్క కోరిక, కాసేపు అందరూ నోళ్ళు మూసుకోండి. నేను వినాలి."

బైరమ్మ ముందుకు ఉరికింది గానీ, ముందు నడిచేవారికి సాయం అవసరమైతే వారు ముందు నడవడానికి అనర్హులవుతారని, అప్పుడు ప్రయాణమే ఆగిపోతుందని కాకి హెచ్చరించింది. "ఆగిపోతే నేనాగలేను" అన్నది పైడమ్మ. బైరమ్మ దిగులుగా వెనక్కి తగ్గింది.

ఆ విధంగా, అడవిలో నిజంగా చూపు లేని ఒకే ఒక ప్రాణి ముందు నడవగా, ధ్రువపత్రాలున్న నలుగురు పెద్దలూ ఆమె వెనుక గౌరవ వరుసలో నడిచారు. పైన కాకి ఎగురుతూ కనిపెడుతున్నది.

"అధ్యక్షా, ఆ రాయిని తప్పించుకున్నారే!" అని అరిచింది కాసేపటికి.

తరవాతి రాయికి ఐరావతం గారు విధిగా కాలు తగిలించుకున్నారు. ఇక లాభం లేదని నలుగురూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. పిల్లలే దిక్కయ్యాయి. ఐరావతం గారి పిల్ల పది అడుగులకోసారి కూర్చుని, చెవులతో విసిరేదాకా లేవలేదు. నీలకంఠం గారి పిల్ల, జనం ఎటు ఉంటే అటు ముఖం పెట్టడం అలవాటైనందున, ఆయనను వెనక్కి నడిపించింది. జంబులింగం పిల్ల కనబడిన ప్రతి సందులోనూ దూరింది. మూడో సందు ముళ్ళపంది ఇల్లు. లోపల నుంచి వచ్చిన కేక ఏ అధ్యాయంలోదో ఎవరికీ తెలియలేదు.

మిగిలింది రోమేశం. కళ్ళు మూసుకుని, తీగ పట్టుకుని, పైడమ్మ గిట్టల చప్పుడు వింటూ నడుస్తున్నాడు. చూపు లేకుండా నడవటం ఇలా ఉంటుందని ఆయన ఎన్నడూ ఊహించలేదు. ప్రతి అడుగుకూ ముందు నేలను పాదంతో తడిమి చూసుకుంటున్నాడు. ఆమె ఏడాది పొడుగునా ఇలాగే నడిచిందన్న ఆలోచన వచ్చి, దానిని తోసివేయబోయాడు. అది పోలేదు.

దారి లోయ అంచుకు చేరింది. నిరుటి వానలకు అక్కడ ఒక చోట అంచు విరిగి పడింది. ఆ సంగతి పైడమ్మ గిట్టలకు తెలియదు. వెనుక వస్తున్నవారికి ఐరావతం గారి వీపు అడ్డం, కాకి చూపంతా ఆ వీపు మీదే.

జున్ను ఆగిపోయింది.

"పద" అన్నాడు రోమేశం.

అది కదలలేదు.

"పద జున్నూ!" తీగను గుంజాడు. అది ఆయన కాళ్ళకు అడ్డం తిరిగి, ఒళ్ళంతా ఆయన మోకాళ్ళకు ఆనించి నిలబడింది. ఎన్నడూ లేనిది, ఆయన మాట వినలేదు. రోమేశానికి కోపం వచ్చింది. కసరడానికి కళ్ళు తెరిచాడు.

నాలుగు అడుగుల ముందు పైడమ్మ. ఆమె ముంగాలు గాలిలో లేచి ఉంది. ఆ కాలు దిగవలసిన చోట నేల లేదు.

"అత్తా! ఆగు! కాలు దించకు!"

పైడమ్మ కాలు గాలిలోనే ఆగిపోయింది. "ఏమైంది నాయనా?"

"నీ ముందు లోయ. వెనక్కి వెయ్యి. ఇంకో అడుగు. ఆఁ, అక్కడ ఆగు."

 కాకి కిందికి దిగి ఒక బండ మీద వాలింది.

"రోమేశం గారూ, తమరికెలా కనబడింది?"

"కళ్ళతో" అన్నాడు రోమేశం.

ఆయన పైడమ్మ దగ్గరకు నడిచి తీగ కొసను ఆమె నోటికి అందించాడు. 

"ఇది నాది కాదు అత్తా. చలి వెళ్ళినప్పుడే నీకివ్వాలి. ఇవ్వలేకపోయాను."

"తెలుసులేరా" అన్నది పైడమ్మ తీగను చిగుళ్ళతో సర్దుకుంటూ. "ఆనాడు గుమ్మం పక్కన ఊపిరి బిగపట్టుకుని నిలబడ్డావు. ఎలుగుబంటి ఊపిరి బిగపట్టినా వాసన బిగపట్టలేడు."

"పద జున్నూ. అత్తతో పద" అన్నాడు రోమేశం.

జున్ను ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పైడమ్మ నెమ్మదిగా "పద తల్లీ" అన్నది. జున్ను ఒక్క క్షణం తటపటాయించి, విరిగిన అంచును ఎడంగా వదిలేసి, ముసలిదాని నడకకు తగినట్లు నెమ్మదిగా అడుగు వేసింది. అడవి అంతా వాళ్ళ వెనుక నడిచింది. మడుగు చేరాక అందరికంటే ముందు నీళ్ళలో మూతి పెట్టింది పైడమ్మ. చాలాసేపు ఎత్తలేదు.

బైరమ్మ వచ్చి రోమేశం పక్కన కూర్చుంది. "దీనికి నా శిక్షణ అక్కర్లేదు. చెప్పింది చెయ్యడం ఎవరైనా నేర్పుతారు. ముప్పు ఎదురైతే చెప్పినా చెయ్యకుండా ఉండటం, అదీ కష్టం. ఎలా నేర్పావయ్యా?"

"నేనేమీ నేర్పలేదు" అన్నాడు రోమేశం. "దానికి నేను కావలసినవాణ్ణయ్యాను. అంతే."

తరవాత కార్యవర్గం సమావేశమై, నియమావళిని అనుసరించి, చూపు కలిగి ఉన్న కారణంగా రోమేశాన్ని సభ్యత్వం నుంచి తొలగించింది. మిగతా ముగ్గురూ తమ ధ్రువపత్రాలనూ పిల్లలనూ నిలుపుకొని, నలుగురిలోకి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని కాలం గడుపుతున్నారు. సమావేశాలు కూడా కళ్ళు మూసుకునే నడుస్తున్నాయి. నిర్ణయాలలో తేడా ఏమీ రాలేదని ప్రజల అభిప్రాయం.

రోమేశం గుహకు తిరిగి పోయాడు. కొన్ని రోజులు సంతకు రాలేదు. ఒక సాయంత్రం మడుగు ఒడ్డున పైడమ్మ ఎదురుపడితే, కాస్త దూరంగానే ఆగాడు.

"జున్ను పనిలో ఉందేమోనని దగ్గరికి రాలేదు అత్తా. మళ్ళీ నా వెంట వస్తే నీకు ఇబ్బంది."

"రాదులే."

"నన్ను గుర్తుపట్టిందంటావా?"

"నాకు కనబడదు గానీ, నువ్వు వచ్చిన దగ్గరనుంచీ నా కాళ్ళకు ఒకటే గాలి కొడుతోంది. ఆ తోక కాస్త ఆపమని చెప్పు, చలేస్తోంది."

"ఆపు జున్నూ" అన్నాడు రోమేశం.

అది ఆపలేదు.

నీతి: మీరు పెంచినది మీ మాట వినడం మానేసినట్లయితే, దానిని బాగా పెంచినందుకు మిమ్మల్ని మీరు అభినందించుకోవచ్చును.